వాడని విమానము



వరంగల్లు చెంత మామునూరులో నిజాం కాలమునాటి విమానాశ్రయము కలదు. 1981 వరకు అచట విమానములు దిగినవి. పిదప దశాబ్దములపాటు ఆ నేల బీడుపడినది. ఇట్టి మైదానములలో మూలన విడిచిన చిన్న విమానములను చూచినవారికి ఒక సంగతి తెలియును: వాడుకచే అరిగినదానికంటె వాడక నిలిపినదే త్వరగా చెడును. ఎండకు చక్రముల రబ్బరు పగులును. చెమ్మకు అల్యూమినియపు రేకు పొరలుగా లేచిపోవును. గాలి ఒత్తిడిచే వేగమును తెలుపు సన్నని గొట్టములో కందిరీగ మట్టిగూడు కట్టును. పైకి చూచుటకు విమానమే, ఎగురలేదు.

మన విద్యయు ఇట్టిదే. బాల్యమున కంఠస్థమైన పురుషసూక్తము నిత్యము నోట నడువనిచో ముందు స్వరము తప్పును, పిదప పదము జారును. "మాకు వచ్చును గదా" అను ధైర్యము మాత్రము మిగులును. డెబ్బది దాటిన మేమును ప్రతిదినము ఆవృత్తి చేయుట అందులకే.

శ్రీరామచంద్రుడు అయోధ్య చేరిన పిదప పుష్పకమును తన వాకిట నిలుపుకొనలేదు; కుబేరునికి మరల పంపెను. ఋషులొసగిన విద్యకును మనము యజమానులము కాము. అధ్యయనముచే నిలుపుకొని, అధ్యాపనముచే పిల్లలకు అప్పగించినపుడే ఋషిఋణము తీరును.

మామునూరు పునరుద్ధరణకు 2025లో కేంద్రప్రభుత్వము అనుమతి నొసగినది. బీడుపడిన నేలకే మరల యోగము కలిగినపుడు మన నాలుకకు కలుగదా? ఈ పాతబస్తీలోని ప్రతి యింట సంధ్యాదీపము వెలిగించు వేళ పెద్దలు ఒక శ్లోకము చెప్పుదురు గాక, పిల్లలు వల్లింతురు గాక.

స్వస్తి.