తపాలా బిళ్లంత బొమ్మ

విశాఖపట్టణమునుండి శ్రీకాకుళమునకు బస్సులో పోవువారు భోగాపురము దాటుచు కిటికీనుండి బయటికి చూచినయెడల, బాటకు ఇరువైపుల ప్రకటన పలకలు వరుసలుగా కానవచ్చును. 2023 మే 3వ తేదీన ఇచ్చట అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది మొదలు ఇండ్ల స్థలముల పలకలు మరింత దట్టమైనవి. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బస్సు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటిపోవును. ఆ రెండు మూడు సెకన్లలో ఏ పలక మన మనస్సున నిలుచును? ధరలు, ఫోను సంఖ్యలు, యజమానుల ముఖములు, దేవతామూర్తులు అన్నియు క్రిక్కిరిసిన పలక నిలువదు. ఒక్క బొమ్మ, ఒక్క పేరు, చుట్టును కొంత ఖాళీ గల పలక నిలుచును.

ఈ చిన్న సత్యము తెలియక మూడేండ్ల శ్రమను పోగొట్టుకొనబోయిన ఇద్దరు యువకులను ఆ ఊరిలోనే మేము కలిసికొంటిమి. ఇంజనీరింగు చదివినవారు. పగలు వేరొక కొలువు చేయుచు, రాత్రులందు ఒక వీడియో ఆటను నిర్మించుచున్నారు. పెట్టుబడి పెట్టు కంపెనీ లేదు; ఉన్నవి రెండు కంప్యూటర్లు, ఇంటివారి ఓర్పు. కర్రసాము నేర్చిన ఒక పడుచు తన పల్లెను దోచవచ్చిన ముఠాను ఒంటరిగా ఎదిరించుట ఆ ఆటకు ఇతివృత్తము. ఆట బాగున్నది. మేము అరగంట ఆడి, ఏడు మార్లు ఓడితిమి. అయినను మరల ఆడవలెనని తోచినది. కాని వారి ముఖములలో దిగులు కానవచ్చినది. స్టీమ్ అను అంతర్జాల విపణిలో తమ ఆటకు ఒక పుట తెరచి నెలలు గడచినను, దానిని తెరచి చూచినవారు బహు కొద్దిమంది. ఉగాదిలోగా మార్పు కానరానియెడల ఈ పని మానుకొందుమని వారిలో పెద్దవాడు మెల్లగా అన్నాడు.

ఆ విపణిలో 2024వ సంవత్సరమున 18,000కు పైగా కొత్త ఆటలు వెలువడినవి. కొనవచ్చినవాడు వాని నన్నింటిని ఆడి చూడజాలడు. వాని వర్ణనలనైనను చదువజాలడు. అతని కంటికి మొదట తగులునది ఒక చిరుచిత్రము. దానిని 462 చుక్కల వెడల్పున, 174 చుక్కల ఎత్తున చేసి ఇచ్చినను, కొన్ని పట్టికలలో అది 120 చుక్కల వెడల్పునకు, 45 చుక్కల ఎత్తునకు కుదించుకొనిపోవును. అనగా ఇంచుమించు తపాలా బిళ్ల. మూడేండ్ల కృషికి ఆ బిళ్లయే వాకిలి.

మా యువకుల బిళ్లపై ఏమున్నది? నాయిక, ఏడుగురు దొంగలు, తగులబడుచున్న పల్లె, సముద్రము, చంద్రుడు; వీటన్నిటిపై నగిషీ అక్షరములతో ‘ఉద్ధండ వీరాంగన’ అను పేరు. పెద్ద తెరపై చూచిన ముచ్చటగానే యున్నది. ఫోనులో బిళ్లంతగా చేసి ఆ ఇంటి ముసలమ్మగారికి చూపితిమి. ఆమె కన్నులు చికిలించి, “ఏట్రా నాయినా ఇది? మాడిపోయిన అట్టులాగున్నాదేటి?” అన్నది. అంతకంటె నిష్పక్షపాతమైన విమర్శ మరియొకటి లేదు.

లోపమెచ్చటనున్నది? ఆ బొమ్మ కథనంతను చెప్పబూనినది. చిరుచిత్రము కథాసంగ్రహము కాదు; అది ఒక ప్రశ్న. శ్రీకాకుళమున 1921లో జన్మించిన వడ్డాది పాపయ్యగారు చందమామకు ఎన్నో ముఖచిత్రములు వ్రాసిరి. పత్రికల అంగడిలో పలు సంచికల నడుమ అట్టి ముఖచిత్రమును చూచిన బాలుడు ఒక ఘట్టమును మాత్రమే చూచును. తరువాత ఏమైనదో తెలిసికొనుటకై పుట త్రిప్పును. ముఖచిత్రము చేయవలసిన పని అంతవరకే.

కనుక మొదటి మాట: ఒక్క ఆకారము చాలును. దీనికి మన తోలుబొమ్మలాటకంటె మంచి గురువు లేదు. ఆ కళాకారులు పాత్ర ముఖమును సాధారణముగా ప్రక్కవాటుగా చూపుదురు. చేతులను, ఆయుధమును దేహమునుండి విడదీసి నిలుపుదురు. అందుచేత ఎంతో దూరమున కూర్చున్న ప్రేక్షకుడును తెరపై నున్నది ఎవరో గుర్తుపట్టగలడు. చిరుచిత్రమందును నాయిక ఆకారమును నల్లసిరాతో పూర్తిగా నింపి చూడవలెను. అప్పుడును కర్ర కర్రగా, చేయి చేయిగా తెలిసినచో ఆ భంగిమ పనికివచ్చును. పోరాటపు ఆటలలో దెబ్బ తగిలిన క్షణముకంటె తగులబోవు క్షణము మేలు. కర్ర ఒక మూలనుండి మరియొక మూలకు ఏటవాలుగా సాగినయెడల, నిశ్చలమైన బొమ్మలోను వేగము పుట్టును.

రెండవది వెలుగు నీడల సంగతి. ఆ విపణి పుట ముదురు నీలపు నేలపై నుండును. రాత్రివేళ పోరాటమును నల్లగా చిత్రించినచో బొమ్మ అంచులు ఆ నేలలో కలిసిపోవును. రంగులన్నియు తీసివేసి బూడిద వన్నెలో చూచినను నాయిక వెనుకతట్టునుండి విడివడి కనబడవలెను. అట్లు కనబడనిచో ఎన్ని రంగులు పూసియు ఫలము లేదు.

మూడవది పేరు. ఇది తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు. మన అక్షరమునకు పైన తలకట్టు, గుడులు, క్రింద వత్తులు. ఇవన్నియు నిలువు ఎత్తును కోరును. 45 చుక్కల ఎత్తులో ‘ద్ధ’ అను అక్షరము సిరా మరకయగును. వత్తులు లేని రెండు మూడక్షరముల పేరు, నగిషీలు లేని బలమైన అక్షరములతో, బిళ్లను దాదాపుగా నింపవలెను. హైదరాబాదునందలి ఓగర్ హెడ్ స్టూడియో అను చిన్న సంస్థ 2017లో వెలువరించిన పోరాటపు ఆటకు ‘అసుర’ అని పేరు. మూడే అక్షరములు, ఒక్క వత్తు లేదు. పురాణగాథల ఛాయయు, పోరు వాసనయు ఆ మూడక్షరములలోనే యున్నవి.

పేరు తప్ప వేరు మాటలు బొమ్మపై ఉంచరాదు. పత్రికల ప్రశంసలను, బహుమతుల పేర్లను, తగ్గింపు ధరలను చిరుచిత్రముపై వ్రాయరాదని స్టీమ్ వారు 2022 సెప్టెంబరు 1వ తేదీనుండి నియమము పెట్టిరి. నియమము లేకున్నను అది మంచి అలవాటే.

నాలుగవది సత్యము. నేర్పరియైన చిత్రకారుడు ఆటలో లేని ఏనుగుల దండును గీయగలడు. దానిని చూచి కొన్నవాడు ఆటలో ఏనుగులను వెదకును. కొన్న 14 దినములలోపల, రెండు గంటలకంటె తక్కువ ఆడినవాడు సొమ్ము తిరిగి కోరుటకు అచ్చట వీలున్నది. సొమ్ము పోయినను మరల రావచ్చును. నమ్మకము పోయిన రాదు. మన బొమ్మలోని నాయిక, కర్ర, పోరాటపు తీరు మొదటి ఐదు నిమిషముల ఆటలోనే ఆటగానికి ఎదురుకావలెను.

ఇక పని జరుపు విధము. చిన్న బిళ్లను మొదట గీయించి, తరువాత దానిని పెంచవలెను; పెద్దదానిని గీసి కుదించుట తారుమారైన పద్ధతి. ఇదే బొమ్మ మరియొక చోట 600 చుక్కల వెడల్పు, 900 చుక్కల ఎత్తు గల నిలువు పటము కావలసియుండును. అందుచేత ఆకారము, వెనుకతట్టు, పేరు వేర్వేరు పొరలుగా ఉండవలెనని చిత్రకారునితో ముందే చెప్పవలెను. పూర్తియైన పిదప అదే జాతి ఆటల బిళ్లలు పదింటి నడుమ దీనిని ఉంచి, ఆట సంగతి ఎరుగనివారికి రెండు సెకన్లు చూపి మూయవలెను. ఏమి చూచితిరని అడుగవలెను. మిత్రులు ఈ పరీక్షకు తగరు. వారు చూడనిదానిని కూడ చూచితిమందురు.

మా యువకులు ఆ రాత్రియే దొంగలను, చంద్రుని, పల్లెను తీసివేసిరి. తెల్లవారుజామున తెల్లబడిన సముద్రము ముందర, కర్ర ఎత్తిన పడుచు ఒక్కతె మిగిలినది. పేరు ‘సాము’ అని మారినది. నచ్చిన పేరును వదలుకొనుటకు చిన్నవాని కన్నులు చెమర్చినవి. మరునాడు ముసలమ్మగారికి మరల ఫోను చూపితిమి. ఆమె ఈమారు కన్నులు చికిలింపలేదు.

“ఎవుల్రా ఈ పిల్ల? కర్రట్టుకుని ఎవులి మీదికెల్తున్నాది?” అన్నది.

ఉగాదికి ఇంకను గడువున్నది. ఆట అమ్ముడుపోవునో లేదో మేము చెప్పజాలము. కాని ఆ ప్రశ్న పుట్టినది. దానికి బదులు లోపల ఆటలో నున్నది.