ఎవరి గడియారం ప్రకారం మీటింగు?

(భూమి సర్వే కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనమంతా ఒక్కటే అని నినాదమిస్తాం. నిజమే. కానీ పనిలోకి దిగితే మన తీరులు ఒక్కటి కావు. ఆ తేడాలతో జట్టు ఎట్లా నడవాలి? ఈ పూట మాట్లాడుకోవాల్సింది ఇదే. పుస్తకంలోది కాదు, మా తప్పే మీ ముందు పెడుతున్నాం.

నిరుడు మిరపకోతల కాలంలో అసైన్డ్ భూముల సర్వేకి జట్టు కట్టాం. నెలజీతం టీచర్లం మేం కొందరం, కాలేజీ తమ్ముళ్లు, డప్పు కళాకారులు, కూలికి పోయే అక్కలు. మాలపల్లె వాళ్లూ ఉన్నారు, మాదిగపల్లె వాళ్లూ ఉన్నారు. జట్టుని చూసుకుని మురిసిపోయాం. నెల తిరక్కుండానే తగాదా వచ్చింది.

మీటింగు ఆదివారం ఉదయం పదింటికి అన్నాం. అక్కలు రాలేదు. కోతలకి ఆదివారమేంటి? తెల్లారకముందే ఆటో ఎక్కి పోయారు. 'వీళ్లకి క్రమశిక్షణ లేదు' అన్న మాట మా నోటి నుంచే వచ్చింది. కామందులు మన అమ్మల్ని అన్న మాట కాదా అది? ఆరింటికల్లా చేలో ఉన్న మనిషికి క్రమశిక్షణ లేదని, పదింటికి ఫ్యాను కింద కూర్చున్న మేం తీర్పు చెప్పాం!

రెండో తగాదా ఫారం దగ్గర. తమ్ముళ్లు ఇంటికి పోయి పేరేంటి, సర్వే నంబరెంత, ఎకరాలెన్ని అని పది నిమిషాల్లో ముగించేవాళ్లు. డప్పు అన్నలు అరుగు మీద కూర్చుని ఒక పాట, ఒక చుట్ట, చనిపోయిన పెద్దల ముచ్చట. 'ఇట్లాగైతే ఏడాదికీ తెమలదు' అని వీళ్లు. 'సర్కారోళ్లలాగా అడిగితే ఎవరు చెప్తారు' అని వాళ్లు.

మర్నాడు అర్జీ ఇవ్వాలి. ముందురోజు రాత్రి ఒక అక్క అడిగింది: "రాసింది రాసినట్టు పల్లెలో చదవండి, మేమూ వింటాం." చదివాం. ఒక అవ్వ లేచింది. "నా ఎకరం ఏదిరా?" అడంగల్‌లో వేరేవాళ్ల పేరుందని తమ్ముడు చెప్పాడు. అవ్వ ఇంటికి పోయి ట్రంకుపెట్టెలోంచి పెనిమిటి పేరున ఇచ్చిన డి-ఫారం పట్టా తెచ్చి మా చేతిలో పెట్టింది. మేం సిగ్గుపడ్డాం.

1977 నాటి 9వ చట్టం ఇలాంటి భూమి చేతులు మారితే చెల్లదంది. తర్వాత సవరణలు వచ్చాయి. కాబట్టి భూమి ఎప్పుడు చేయి మారిందన్నది అర్జీకి ముఖ్యం. అవ్వకి తేదీ తెలియదు. డప్పు అన్న పక్కన కూర్చుని ముచ్చట పెట్టాడు. "దివిసీమ ఉప్పెన వచ్చింది చూడు, దాని తర్వాత రెండేళ్లకి మా ఇంటాయన జబ్బు పడ్డాడు. ఆ అప్పుకింద పోయింది" అంది. ఉప్పెన 1977 నవంబరులో. అంటే చట్టం వచ్చాకే భూమి పోయింది! ముచ్చట సంవత్సరాన్ని తెచ్చింది, తమ్ముడు సర్వే నంబరు పట్టుకున్నాడు, మేం అర్జీ రాశాం. ఇందులో ఏ ఒక్కరు లేకపోయినా ఆ ఎకరం కాగితం మీద కూడా ఉండేది కాదు. కేసు ఇంకా తేలలేదు. కానీ నిలబడింది.

అప్పటినుంచి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఎవరికి తీరిక తక్కువో వాళ్లే మీటింగు టైము చెప్పాలి. ఇప్పుడు మా మీటింగు రాత్రి ఎనిమిదింటికి. చదివి వినిపించనిదే సంతకం లేదు, వేలిముద్ర లేదు. ప్రతి ఇంటికీ ఇద్దరు పోవాలి, రాసేవారొకరు, ముచ్చట పెట్టేవారొకరు. అయితే గడువూ, లెక్కల పుస్తకమూ అందరికీ ఒక్కటే. 'మా తీరు ఇంతే' అని వాటిని తప్పించుకోవడం కుదరదు.

ఇంకో చేదు నిజం చెప్పాలి. మా జట్టులో కలం ఒక పల్లె చేతిలో, డప్పు ఇంకో పల్లె భుజాన ఉండిపోయాయి. టీ కాచేది, హాలు ఊడ్చేది అక్కలే. ఇదీ 'పని తీరు' అనుకుందామా? 1994లో మాదిగ దండోరా వాటా ఎంతని వీధిలో అడిగింది. ఆ ప్రశ్నని మన జట్టు గుమ్మం దగ్గర ఆపగలమా? తీరు వేరు, పెత్తనం వేరు. తీరుని గౌరవించాలి, పెత్తనాన్ని దించాలి. అందుకే కలం, చీపురు, టీగిన్నె అన్నీ వంతులవారీగా తిరుగుతున్నాయి. గొణిగినవాళ్లున్నారు. మేమూ గొణిగాం.

జట్టు పనిలో చివరికి రాసినవాళ్ల పేరే మిగులుతుంది. బాబాసాహెబ్ ఏం చేశారో చూడండి. రాజ్యాంగ ముసాయిదా కమిటీలో ఏడుగురు. ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, మిగతావాళ్లకి వేరే పనులు, అనారోగ్యాలు. భారమంతా అంబేద్కర్ మీదే పడిందని 1948 నవంబరు 5న సభలో టి.టి. కృష్ణమాచారి చెప్పారు. అంత మోసిన మనిషి 1949 నవంబరు 25న లేచి ఏమన్నారు? ఘనత తన ఒక్కడిదే కాదన్నారు. తొలి చిత్తుప్రతి తయారుచేసిన బి.ఎన్. రావు పేరు చెప్పారు, ఎస్.ఎన్. ముఖర్జీ పేరు చెప్పారు. అర్ధరాత్రి దాటేదాకా పనిచేసిన సిబ్బందినీ మరవలేదు.

మన అర్జీ కింద ఎవరి పేర్లుంటున్నాయి? ఇవాళ ఇంటికి పోయాక ఒకసారి చూసుకోండి. లేని పేర్లు రాయండి. వచ్చే మీటింగు టైము మాత్రం మీరు పెట్టకండి, కోతకి పోయి వచ్చిన అక్కని అడగండి.

జై భీమ్!