చెరుబిజం: దవడలో రగిలే వాపు
రెండు నుంచి ఐదేళ్ల వయసులో దవడలు రెండు వైపులా నొప్పి లేకుండా ఉబ్బే చెరుబిజం అనే అరుదైన వ్యాధిని 1933లో డబ్ల్యూ.ఎ. జోన్స్ తొలిసారి వర్ణించగా, నాలుగో క్రోమోజోముపై ఉన్న ఎస్‌హెచ్‌3బీపీ2 జన్యువులోని మార్పులే చాలామందిలో దీనికి మూలమని 2001లో తేలింది. మామూలుగా ఈ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను టాంకిరేజ్ అనే ఎంజైము గుర్తుపట్టి విచ్ఛిన్నానికి పంపుతుంది; మార్పు చెందిన ప్రోటీన్ దాని పట్టుకు చిక్కక కణంలో పేరుకుపోవడంతో, రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు వాపును రగిలించే టీఎన్‌ఎఫ్-ఆల్ఫాను అతిగా స్రవిస్తాయి, ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు విజృంభిస్తాయి, ఖాళీ అయిన చోట పీచు కణజాలం నిండుతుంది. విచిత్రమేమిటంటే, ప్రతి కణంలోనూ ఉన్న ఈ జన్యుదోషం దాదాపు దవడలనే ఎంచుకుంటుంది. యుక్తవయసు తర్వాత చాలామందిలో వాపు తనంతట తానే తగ్గుముఖం పడుతుంది గనుక, చూపుకో శ్వాసకో ఇబ్బంది లేనంతవరకు వైద్యులు శస్త్రచికిత్సకు సాధారణంగా తొందరపడరు.