రొయ్య మీద నింద

 

పులికాట్ ఒడ్డున బిడ్డకు దద్దుర్లు లేస్తే మనం మొదట అనే మాట, "రొయ్యలు పడలేదు" అని. ఒక రంజాన్ సాయంత్రం మేమూ అదే అన్నాం. మా తొమ్మిదో తరగతి అమ్మాయి రోజంతా ఉపవాసముండి, ఇఫ్తార్‌లో తొక్కతో ఉన్న ఆపిల్ ముక్కలు, ఉడికించిన చెనక్కాయలు తిని ఆటకు పరుగెత్తింది. కాసేపటికే పెదవులు వాచాయి, ఊపిరాడలేదు. సమయానికి ఆటో దొరికి, సూది పడి బిడ్డ దక్కింది. ఆ రోజు ఆ పిల్ల రొయ్య ముట్టనే లేదు.

తర్వాత మీ విరాళంతోనే చెన్నైలో రక్తపరీక్ష చేయించాం. దోషి పేరు లిపిడ్ ట్రాన్స్‌ఫర్ ప్రోటీన్. మొక్క తనను కాపాడుకోవడానికి దాచుకునే చిన్న ప్రోటీన్ ఇది. పండ్లలో ఎక్కువగా తొక్కలో ఉంటుంది. పీచ్ పండులో దీన్ని ప్రూ పి 3 అనీ, వేరుశనగలో అరా హెచ్ 9 అనీ అంటారు. నాలుగు గట్టి ముడులు వేసిన మూటలాంటిది కనుక ఉడికించినా, కడుపులోని ఆమ్లం తగిలినా సులభంగా విడిపోదు. రొయ్యలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ వేరు.

ఈ అలర్జీ ఉన్నవారికి అదే పండు ఒకరోజు ఏమీ చేయదు, మరోరోజు ప్రాణం మీదికి తెస్తుంది. ఖాళీ కడుపు, తిన్న వెంటనే పరుగు, ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు తోడైతే ముప్పు పెరుగుతుంది. మా పిల్ల విషయంలో మొదటి రెండూ కలిశాయి.

పండ్లు, చెనక్కాయలు అందరూ మానాలని మేము చెప్పడం లేదు. పడనివారు ఏది మానాలో డాక్టరే చెప్పాలి. తొక్క తీస్తే చాలని వారు ధైర్యపడకూడదు.

మేము కోరేవి మూడు. విందులో వడ్డించే ముందు "ఎవరికి ఏది పడదు?" అని అడుగుదాం. వాపుతో పాటు ఆయాసమో, కళ్లు తిరగడమో కనబడితే ఇంటి వైద్యంతో ఆలస్యం చేయక 108కి ఫోన్ చేద్దాం. తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ సూదే అప్పుడు మొదటి మందు. ఇరకం దీవి వంటి చోట్ల పడవ దాటితే గానీ ఆసుపత్రి లేదు. అలాంటి ఇళ్ల పిల్లల పరీక్షలకు, ప్రయాణానికి ఈ ఏటి నిధిలో కొంత కేటాయించండి.

సరైన కారణం తెలిసిన రోజు నుంచి ఆ అమ్మాయి నిర్భయంగా రొయ్యల కూర తింటోంది. మరో బిడ్డకూ ఆ నిశ్చింత కలగాలని మా దుఆ.