డెక్కు మీద కాలు దిగబడుతోందా? పైపైన అతుకు వేయకండి!

ఈ ఎపిసోడ్ బందరు పక్కన గిలకలదిండి నుంచి చేస్తున్నాం. వేట నిషేధం నడుస్తోంది కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. మోటారు బోట్లన్నీ ఆగిపోయాయి. వలలు బాగుచేసేవాళ్లు, ఇంజన్లు విప్పేవాళ్లు, రంగులేసేవాళ్లు... ఏడాది రిపేర్లన్నీ ఇప్పుడే. మా బాబాయి ఫైబర్ బోటు కూడా ఒడ్డెక్కింది.

పోయినేడు ఏం జరిగిందంటే, అణియం దగ్గర నిలబడితే డెక్కు కాలికింద మెత్తగా, స్పాంజి మీద అడుగేసినట్టు ఉండేది. తెలిసినాయన ఒకరు పైన మ్యాట్ ముక్క పరిచి, రెజిన్ పూసి, రంగేసి ఇచ్చాడు. చూడ్డానికి కొత్త బోటే! ఆర్నెల్లు తిరక్కుండానే, లంగరు లాగుతున్న కుర్రాడి కాలు మోకాలి దాకా లోపలికి దిగిపోయింది. ఒడ్డు దగ్గర కాబట్టి సరిపోయింది. అదే రాత్రిపూట, నడిసముద్రంలో అయితే?

ఫైబర్ కుళ్లదు కదా అంటారు. నిజమే, ఫైబర్ కుళ్లదు. కానీ చాలా డెక్కుల్లో ఉన్నది ఫైబర్ ఒక్కటే కాదు. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో ప్లైవుడ్డో ఫోమో ఉంటుంది. సెయిల్ బోట్లలో అయితే తేలికైన బాల్సా చెక్క పెడతారు. సాండ్‌విచ్ అనుకోండి. మూడూ అంటుకుని ఉన్నంతవరకే బలం. మధ్యది కుళ్లిందా, మిగిలేవి రెండు పలచటి రేకులే.

మరి నీళ్లు లోపలికి ఎలా వెళ్తాయి? స్క్రూ బెజ్జాల్లోంచి. తాడు కట్టే కొక్కెం, రెయిలింగ్, లైటు స్తంభం, వీటి బోల్టుల చుట్టూ సీలెంట్ ఎండి పగిలితే చుక్క చుక్క దిగుతుంది. ఇంకో విషయం, ఉప్పునీటి కంటే వాననీరే చెక్కని తొందరగా కుళ్లబెడుతుంది. కాబట్టి నాగాయలంక, ఎదురుమొండి వైపు ఏటి పడవలవాళ్లూ వినండి, ఇది మీకూ పనికొస్తుంది.

ముందు జబ్బు ఎంత దూరం పాకిందో చూడాలి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే స్క్రూడ్రైవర్ పిడితో డెక్కంతా కొట్టుకుంటూ రండి. బాగున్నచోట టంగుమంటుంది, పాడైనచోట బొద్దుగా డబ్బుమంటుంది. సుద్దముక్కతో గీత గీయండి. మాది జానెడనుకున్నాం, తీరా చూస్తే మూరెడు తేలింది.

ఇప్పుడు గ్రైండర్‌తో పై పొర మందం వరకే కోసి మూతలా లేపండి. కింది పొర తెగకూడదు. కుళ్లిన చెక్కంతా, గట్టి పొడి చెక్క తగిలేదాకా గీకేయండి. తర్వాత ఎండబెట్టడం. మన దగ్గర గాలిలోనే తేమ, అందుకని తొందరపడొద్దు. రాత్రి మంచు పడకుండా టార్పాలిన్ కప్పండి. మేం నాలుగు రోజులు ఆగాం, బాబాయితో తిట్లు తింటూనే!

కొత్త ముక్క ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్. అంచులతో సహా రెజిన్ పట్టించి, చిక్కటి రెజిన్ ముద్ద మీద కూర్చోబెట్టి, పైన బరువులు పెట్టాలి. మూత తిరిగి అంటించాక, కోసిన గీతకి రెండు పక్కలా ఫైబర్‌ని ఏటవాలుగా అరగదీయాలి. పొర మందానికి 12 రెట్లు వెడల్పు, అంటే 3 మిల్లీమీటర్లుంటే ఒక్కోపక్క 36. ఆ వాలులో మ్యాట్ పొరలు వేసి, రోలర్‌తో గాలి బుడగలు తీసేయండి.

ఇక్కడ ఒక్క నిమిషం, ఫోన్ పక్కన పెట్టి వినండి. పాలిస్టర్ రెజిన్‌తో కోబాల్ట్ ఒక సీసా, హార్డెనర్ ఒక సీసా ఇస్తారు. ఆ రెండూ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలిపోతుంది! కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డెనర్ పోయాలి, అది కూడా 100 గ్రాములకి 1 నుంచి 2 గ్రాములే. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. అరగదీసేటప్పుడు గాజు పొడి లేస్తుంది, మాస్కు కూడా ఉండాలి.

చివరగా, అందరూ మర్చిపోయే పని. బోల్టులు మళ్లీ ఉత్తినే బిగించొద్దు. బెజ్జం కాస్త పెద్దది చేసి, ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ డ్రిల్ చేయండి. అప్పుడు సీలెంట్ పోయినా నీరు చెక్క దాకా చేరదు.

పుచ్చిన పన్ను మీద సిమెంటు పూస్తే పుచ్చు ఆగదు కదా? ఇదీ అంతే. మా అతుకు కింద దొరికిన చెక్క పిండితే నీళ్లు కారాయి, ఫ్రెండ్స్. మీ డెక్కు ఈ పూటే ఒకసారి కొట్టి చూడండి. జూన్ 15న దాని మీద నిలబడేది మీవాళ్లే.

మళ్లీ కలుద్దాం. ఉంటాను.