లీకు ఒకచోట, చుక్క ఒకచోట

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యవర్గం వారు నాకు పది నిమిషాలిచ్చారు. బయట వేపచెట్టు కింద నిలబెట్టిన బండి గురించి మాట్లాడతాను. అది మన లెక్కల మాస్టారి యెజ్డి. ఆయన పోయాక పన్నెండేళ్లు వాళ్ల పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది. ఈ ఉత్సవాల సందర్భంగా కుటుంబ సభ్యులు దాన్ని బడికి ఇచ్చారు. రంగు వేయించి అద్దాల పెట్టెలో పెడదామని కొందరన్నారు. ముందు నడుస్తుందేమో చూద్దామని ఇంకొందరన్నారు. చూసే పని నాకూ, మా 1985 బ్యాచ్ మిత్రులిద్దరికీ, ఇక్కడ కూర్చున్న ఇద్దరు పిల్లలకూ పడింది. నాలుగు ఆదివారాలు పట్టింది.

పిల్లలకు ఈ బండి కొత్త కాబట్టి రెండు మాటలు. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ దీన్ని తయారుచేసేది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజను. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు రెండు. కిక్ రాడ్డే గేర్ రాడ్డు కూడా. పిస్టనుకూ క్రాంకుకూ కావలసిన ఆయిల్‌ని పెట్రోలులోనే కలిపి పోయాలి. 25 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఆ ఆయిల్ పెట్రోలుతో పాటు కాలిపోవాలి. సరిగా కాలనిది మసిగా పేరుకుని, వేడికి గట్టిపడి పెచ్చు కడుతుంది. మెకానిక్కులు కార్బన్ పట్టింది అనేది దాన్నే.

బండికి రెండు రోగాలు కనిపించాయి. టాంకులో పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయగానే కార్బురేటర్ కింద చుక్కలు పడ్డాయి. సైలెన్సర్ల లోపలి జాలీ గొట్టాలు లాగితే రంధ్రాలు సగానికి పైగా మూసుకుపోయి ఉన్నాయి. ముందు ఏది పట్టుకోవాలి? లీకే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలబారున పాకి, ఎక్కడో మూల ఉన్న దీపాన్నో స్టవ్వునో అందుకుంటుంది. అందుకే పనంతా ఆరుబయట చేశాం. బ్యాటరీ వైరు ముందే విప్పేశాం. ఇసుక బకెట్టు పక్కనే పెట్టుకున్నాం.

చుక్క కార్బురేటర్ కింద పడుతోంది కాబట్టి ఫ్లోట్ నీడిల్ పోయిందని అందరం అనుకున్నాం. కొత్త నీడిల్ కొనేద్దామన్నారు. కొనేముందు ఒక చిన్న పరీక్ష చేశాం. పెట్రోల్ కాక్ మూసి, కాక్ నుంచి కార్బురేటర్ దాకా పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లాం. కాక్ మూసే ఉంది, అయినా రెండు నిమిషాల్లో తడి కనిపించింది. ఎక్కడ? టాంకుకూ కాక్‌కూ మధ్యనున్న వాషర్ దగ్గర. అక్కడ ఊరిన పెట్రోలు పైపు వెంట జారి, కార్బురేటర్ అడుగున చుక్కయి పడుతోంది. ఇల్లు కురిసినప్పుడు పెంకు పగిలింది ఒకచోట, దూలం వెంట వచ్చి నీళ్లు పడేది ఇంకోచోట. ఇదీ అంతే. ఎండి బిగుసుకుపోయిన వాషర్ మార్చాం. పెళుసెక్కిన రబ్బరు పైపు కూడా మార్చాం. ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరుకు అది పడదు. కాబట్టి ఇథనాల్‌కు తట్టుకునే పైపే అడిగి కొన్నాం.

తరవాత కాక్ తెరిచాం. ఈసారి నిజంగానే కార్బురేటర్ ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి చుక్క వచ్చింది. అంటే రెండో లీకు కూడా ఉంది. గిన్నె విప్పితే అడుగున ఎర్రటి తుప్పు. టాంకులోంచి వచ్చిన తుప్పు రేణువు నీడిల్ కూర్చునే చోట ఇరుక్కుంది. ఫ్లోట్ చేసే పని మీ ఇళ్ల మీద నీళ్ల టాంకులో బంతి చేసే పనే. గిన్నె నిండగానే పైకి తేలి దారి మూయాలి. నీడిల్ సరిగా కూర్చోకపోతే పెట్రోలు మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగితే బయటికి కారడం ఒక్కటే కాదు, ఇంజనులోకి వెళ్లే పెట్రోలు పాలూ పెరుగుతుంది. ఉన్న గాలి చాలక అది సగం కాలి మసి అవుతుంది.

ఈ మాటకు సాక్ష్యం మాస్టారే ఇచ్చారు. టూల్ బాక్సులో ఆయన నోటుపుస్తకం దొరికింది. ప్రతిసారీ తేదీ, పోయించిన లీటర్లు, మీటరు రీడింగు. పిల్లలిద్దరూ కూర్చుని భాగహారాలు చేసి గ్రాఫు గీశారు. చాలాకాలం లీటరుకు 30 కిలోమీటర్ల దగ్గర నిలకడగా ఉన్న గీత చివరి ఏడాదిలో జారుతూ 21కి వచ్చింది. బండి మూలన పడ్డాక వచ్చిన జబ్బు కాదిది. నడుస్తున్న రోజుల్లోనే మొదలైంది. ఆ ఏడాదిలోనే రెండుచోట్ల "సైలెన్సర్ శుభ్రం" అని రాసి ఉంది. మసి గీకించారు, బండి కొన్నాళ్లు లాగింది, మళ్లీ మసి పట్టింది. తుప్పు మాత్రం టాంకులోనే ఉండిపోయింది.

ఈ రోజు నేను చెప్పదలచింది ఇదే. ఆ లీకూ ఈ మసీ రెండు జబ్బులు కావు, ఒకదానికే రెండు లక్షణాలు. మసి గీకడం తేలిక. ఎందుకు పట్టిందో అడగడం కష్టం.

అడిగాక గీకవలసిందే. హెడ్డు, బోరు విప్పాం. పిస్టను అల్యూమినియం, మెత్తన. స్క్రూడ్రైవరుతో గీకితే గీతలు పడతాయి, ఆ గీతల్లోనే మళ్లీ మసి పడుతుంది. అందుకని వెదురు బద్దను ఉలిలా చెక్కి దానితో గీకాం. కింద క్రాంకులోకి పెచ్చులు పడకుండా గుడ్డలు కుక్కాం. రింగులు కూర్చునే గాళ్లను పాత రింగు ముక్కతో శుభ్రం చేశాం. పొగ బయటికి వెళ్లే ద్వారం దగ్గర పేరుకున్నదంతా తీశాం. ఇంజను లాగకపోవడానికి ఆ ద్వారం ఇరుకవడం పెద్ద కారణం.

జాలీ గొట్టాలు ఉక్కువి. వాటిని కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టాం. చేతులకు రబ్బరు గ్లవుజులు, కళ్లకు అద్దాలు. నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. పిస్టనునూ హెడ్డునూ కూడా అందులో ముంచుదామని ఒక మిత్రుడన్నాడు. పక్కనున్న అమ్మాయి "వద్దు సార్, అల్యూమినియంతో హైడ్రోజన్ వస్తుంది, లోహం కరిగిపోతుంది" అంది. రసాయనశాస్త్రం టీచరుగారు ఇక్కడే ఉన్నారు. అమ్మా, మీ పాఠం ఒక పిస్టన్ని కాపాడింది.

టాంకు తుప్పు కడిగించి, పైపు మధ్యలో చిన్న ఫిల్టరు పెట్టి, కొత్త ప్యాకింగుతో హెడ్డు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాం. నాలుగో ఆదివారం ఏడో కిక్కుకు ఇంజను అందుకుంది. మాస్టారి భార్య గేటు దగ్గరే నిలబడి విన్నారు. ఆమె ఏమీ అనలేదు. మేమూ అడగలేదు.

ఇంట్లో నాన్నగారి బండి మూలన పెట్టుకున్నవారు ఈ సభలో చాలామంది ఉంటారు. వారికి మూడు మాటలు. బండి ఆపగానే కాక్ కట్టేయండి. నీడిల్ కారినా పెట్రోలు ఇంజను అడుగుకు చేరదు. మంచిదని ఆయిల్ ఎక్కువ పోయకండి. మసి పెరుగుతుంది, ఆ మేరకు పెట్రోలు పాలు తగ్గి ఇంజను వేడెక్కుతుంది. నెలల తరబడి తీయనప్పుడు టాంకూ కార్బురేటరూ ఖాళీ చేయండి.

ఇక అద్దాల పెట్టె సంగతి. ఈ బండి రోజూ తిరగాలని నేను కోరను. టూ స్ట్రోక్ ఇంజనులో కొంత పెట్రోలు కాలకుండానే పొగతో పోతుంది, అది పిల్లలు పీల్చవలసిన గాలి కాదు. బడిలో పెట్రోలు నిలవ ఉంచడమూ క్షేమం కాదు. టాంకు ఎండబెట్టి సైన్సు గదిలో ఉంచుదాం. ఏడాదికొకసారి ఈ రోజున, ఆరుబయట, ఒక ఉపాధ్యాయుని సమక్షంలో ఆ ఏటి పదో తరగతి వాళ్లు దాన్ని విప్పి, చూసి, బిగించి, స్టార్టు చేయనివ్వండి. పెట్టెకు అద్దం మాత్రం వద్దు. చేయి తగలకపోతే వాళ్లకు తెలిసేది రంగు ఒక్కటే.

మాస్టారి నోటుపుస్తకంలో ఇంకా ముప్ఫై పేజీలు ఖాళీగా ఉన్నాయి. మొన్నటి లెక్కలు పిల్లలిద్దరూ అందులోనే రాశారు. ఆ పుస్తకాన్ని ప్రధానోపాధ్యాయుల వారికి ఇప్పుడే అందజేస్తున్నాను.