ముగ్గురు ముగ్గురుగా ఆడనివ్వండి



మీరు ఇంట్లో పెద్దవారి షుగరు కోసమో, బి.పి. కోసమో ఇక్కడికి వచ్చారు. నేను మాత్రం ఇంటి దగ్గరున్న మీ పిల్లల గురించి మాట్లాడతాను. పెద్దవారిలో వచ్చే షుగరు వ్యాధి తల్లికో తండ్రికో ఉంటే, పిల్లలకూ మున్ముందు వచ్చే అవకాశం ఎక్కువ. దాన్ని దూరంగా ఉంచే మార్గాలలో ఆట ఒకటి. 5 నుండి 17 సంవత్సరాల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు చురుకుగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

“మావాడు బాస్కెట్‌బాల్‌కు వెళ్తున్నాడండీ” అంటారు కొందరు. సంతోషం. ఒక సాయంత్రం కోర్టు దగ్గర నిలబడి చూడండి. వాడు ఎంతసేపు పరుగెత్తాడు? బంతి ఎన్నిసార్లు చేతికి వచ్చింది? జట్టుకు అయిదుగురు చొప్పున పదిమందికి బంతి ఒక్కటే. తరచుగా అది ఎత్తుగా, చురుగ్గా ఉన్న ఇద్దరు ముగ్గురి మధ్యే తిరుగుతుంది. మిగిలినవారు చూస్తూ నిలబడతారు, కొందరు బయట కూర్చుంటారు. లావుగా ఉన్న పాప, బిడియపడే బాబు, అంటే ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వారే, చివరకు మానేస్తారు.

దీనికి మార్గం చిన్న జట్లు. కోర్టును రెండు సగాలు చేసి, ఒక్కొక్క బుట్ట దగ్గర ముగ్గురికి ముగ్గురు ఆడితే ఒకేసారి పన్నెండుమంది ఆడవచ్చు. బంతికి ఆరుగురే కాబట్టి అందరికీ పట్టడం, అందించడం, వేయడం అలవాటవుతుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఇలా ముగ్గురేసి ఆడే ఆటకు తొలిసారి పతకాలు ఇచ్చారు. అయిదుగురి ఆట మానమని కాదు, అదీ నేర్చుకోవాలి. సాధనలో ఎక్కువ భాగం చిన్న జట్లతో చేయించమని కోచ్‌ గారిని అడగండి. చిన్న పిల్లలకు 5వ సైజు బంతి, 3.05 మీటర్లకు బదులు 2.60 మీటర్ల ఎత్తులో రింగు ఉంటే మేలు.

కొన్ని జాగ్రత్తలు:

1. తక్కువమందితో ఆడితే గుండె వేగం బాగా పెరుగుతుంది. మూడు నాలుగు నిమిషాలు ఆడి, కాసేపు ఆగి, నీళ్ళు తాగాలి.

2. ఆస్తమా ఉంటే డాక్టరు రాసిన ఇన్‌హేలరు దగ్గర ఉండాలి.

3. ఆడుతూ ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఆట ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మీ కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉంటే, ముందే డాక్టరుకు చెప్పండి.

ఈసారి పిల్లవాడు ఇంటికి రాగానే “గెలిచావా?” అని కాక, “ఎంతసేపు ఆడావు నాన్నా?” అని అడగండి.